పాత బండికి చైన్ సైజు మార్చాలా, పళ్ళు మార్చాలా?

వానలు తగ్గి రోడ్లు కాస్త ఆరాయంటే మా వైపు ఏ షెడ్డుకి వెళ్ళినా ఒకటే పని కనిపిస్తుంది, చైన్ సెట్లు, అంటే చైనూ, అది తిరిగే ముందూ వెనకా పళ్ళ చక్రాలూ (స్ప్రాకెట్లు) మార్చడం. నాలుగు నెలలు బురదలో, ఉప్పుగాలిలో తిరిగిన చైన్లు అప్పటికి సాగిపోయి టకటకమంటుంటాయి. సరిగ్గా ఆ టైములోనే అందరికీ ఒక ఆలోచన వస్తుంది. ఎలాగూ మారుస్తున్నాం కదా, ముందు ఒక పన్ను పెద్దది వేయిస్తే మైలేజీ వస్తుందట, వెనక పెద్దది వేయిస్తే లోడు లాగుతుందట, ఏకంగా లావు చైన్ వేయిస్తే ఇంక నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదట. ఈ మూడూ మూడు వేర్వేరు పనులు. ఒకదానికీ ఇంకోదానికీ ఖర్చులోనూ ఫలితంలోనూ చాలా తేడా ఉంది. మొదటి రెండూ మా నాన్న వాడే నాలుగు గేర్ల 100 సీసీ బండి మీద చేసి చూశాను, మూడోది మా పిన్ని కొడుకు బండి మీద దగ్గరుండి చూశాను, అందుకే రాస్తున్నాను.

నా సలహా ముందే చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. పాత చిన్న బండికి చైన్ సైజు మార్చకండి. పళ్ళు మార్చుకోవచ్చు, కానీ అది మీరు మోసే బరువుని బట్టీ మీరు వెళ్ళే దారిని బట్టీ ఉండాలి తప్ప పక్కింటాయన ఏం వేయించాడన్నదాన్ని బట్టి కాదు. ఒక్కరే రోడ్డు మీద తిరిగేవాళ్ళకి ముందు ఒక పన్ను పెంచడం బాగుంటుంది. బరువు వేసేవాళ్ళు ముందుదాన్ని ముట్టుకోకుండా వెనక రెండు పళ్ళు పెంచుకోవడం మంచిది. రెండు పనులూ ఒకే బండి చేస్తుంటే కంపెనీ ఇచ్చిన లెక్కే ఉంచేసి, ఆ డబ్బు మంచి చైన్ మీదా చైన్ కవర్ మీదా పెట్టండి.

లెక్క చాలా సింపుల్. వెనక పళ్ళని ముందు పళ్ళతో భాగించాలి, అంతే. మా బండికి ముందు 14, వెనక 42, అంటే సరిగ్గా 3. ముందు స్ప్రాకెట్ మూడు చుట్లు తిరిగితే వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. ముందు 15 వేస్తే 42ని 15తో భాగించాలి, 2.8 వస్తుంది. అంటే ఇంతకు ముందు ఏ స్పీడులో ఇంజిన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగేదో అదే స్పీడులో ఇప్పుడు 5600 తిరుగుతుంది. చప్పుడు తగ్గుతుంది, అదురు తగ్గుతుంది, కానీ చక్రానికి అందే లాగుడు శక్తి కూడా దాదాపు 7 శాతం తగ్గుతుంది. 13 వేస్తే దీనికి రివర్సు: 3.23 అవుతుంది, లాగుడు పెరుగుతుంది, అదే స్పీడుకి ఇంజిన్ దాదాపు 6460 దాకా తిరగాలి. వెనక ఒక్క పన్ను మారిస్తే తేడా 2.4 శాతమే. కాబట్టి ముందు ఒక పన్ను అంటే వెనక దాదాపు మూడు పళ్ళతో సమానం. ఇది గుర్తుంటే చాలు, షెడ్డులో ఎవరేం చెప్పినా మీరే అక్కడికక్కడ లెక్క కట్టుకోగలరు.

పళ్ళు లెక్కపెట్టడం కూడా మీరే చేయండి. బండి పుస్తకంలో ఉన్నదానికీ ఇప్పుడు బండికి ఉన్నదానికీ సంబంధం ఉండకపోవచ్చు, పాతికేళ్ళలో ఎన్ని చేతులు మారిందో ఎన్నిసార్లు సెట్ మారిందో ఎవరికి తెలుసు. సెంటర్ స్టాండ్ వేసి, వెనక స్ప్రాకెట్ మీద ఒక పంటికి సుద్దముక్కతో గీత పెట్టి, చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టండి. ముందుదానికి కవర్ బోల్టులు విప్పాలి, అక్కడ గడ్డకట్టిన గ్రీజూ ఇసుకా కలిసిన నల్ల ముద్ద ఉంటుంది. దాన్ని పుల్లతో తీసి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే చాలా స్ప్రాకెట్ల మీద పళ్ళ సంఖ్య కొట్టే ఉంటుంది. చైన్ సైజు కూడా లింకు పక్క ప్లేటు మీదే ఉంటుంది, 420 అనో 428 అనో.

ఇప్పుడు మన దారుల సంగతి. గోదావరి డెల్టాలో కొండల్లేవు, ఘాట్ రోడ్డు లేదు, అంతా బల్లపరుపు, కాబట్టి ముందు పెద్ద పన్ను వేసుకున్నా ఇబ్బంది ఉండదని చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకుని 15 వేయించాను. అప్పట్లో రాజోలు వైపు నుంచి అమలాపురం రోజూ ఒక్కణ్ణే వెళ్ళేవాణ్ణి, 216 హైవే మీద. పొద్దున పూట నిజంగానే హాయిగా ఉండేది, యాభైలో పెట్టేస్తే ఇంజిన్ పని చేస్తోందా లేదా అన్నట్టు వెళ్ళేది. మధ్యాహ్నం వెళ్ళాల్సిన రోజుల్లో తెలిసింది అసలు విషయం. మనకి కొండ లేదు కానీ గాలి ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేస్తే బోడసకుర్రు వంతెన మీద అడ్డం ఏమీ ఉండదు, వైనతేయ నది మీదుగా వచ్చే గాలి నేరుగా గుండె మీద కొడుతుంది. నాలుగో గేరులో యాభై నిలవదు, నలభై ఐదు, నలభై రెండు అలా జారిపోతుంది, యాక్సిలరేటర్ ఎంత తిప్పినా మూలుగుతుంది తప్ప లాగదు. మూడో గేరుకి దిగాల్సిందే. మూడులో ఇంజిన్ పాత పద్ధతిలో నాలుగులో తిరిగేదానికంటే ఎక్కువే తిరుగుతుంది, ఇక మైలేజీ ఎక్కడిది? పొద్దున మిగిల్చిన పెట్రోలు మధ్యాహ్నం తాగేస్తుంది.

కాబట్టి 15 పళ్ళ సలహా ఎవరికంటే, ఒక్కరే వెళ్ళేవాళ్ళకి, ఎక్కువ దూరం ఒకే స్పీడులో వెళ్ళేవాళ్ళకి, ఇంజిన్ కంప్రెషన్ బాగున్నవాళ్ళకి. రావులపాలెం నుంచి తణుకు, తాడేపల్లిగూడెం వైపు 16 హైవే మీద రోజూ వెళ్ళొచ్చేవాళ్ళకి బాగా పనికొస్తుంది. పొగ వచ్చే ఇంజిన్, బోరు అరిగిన ఇంజిన్ అయితే ముందు ఆ పని చూసుకోండి. బలం లేని ఇంజిన్ మీద పెద్ద పన్ను వేస్తే అది ఎప్పుడూ ఆయాసపడుతూనే ఉంటుంది.

నేను 15 తీసేయడానికి కారణం గాలి కూడా కాదు, రేవు. మా నాన్న వారానికి ఒకసారి సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్తాడు, వెనక రెండు బస్తాల కొబ్బరికాయలతో. నీళ్ళు పోటు మీద ఉన్నప్పుడు పంటు ఒడ్డుకి దాదాపు సమానంగా ఉంటుంది, బండి నడిపించుకుంటూ ఎక్కించేయొచ్చు. పాటు తీసి నీళ్ళు తగ్గినప్పుడు వాలు నిటారుగా అయిపోతుంది, పైగా తడి ఇసుక. దిగేటప్పుడు బ్రేకు పట్టుకుని దిగుతాం, అవతల ఒడ్డు ఎక్కడమే కష్టం. 15 వేసిన రెండో వారం నాన్న ఫోను చేశాడు, "ఒరేయ్, ఫస్ట్ గేరులో వేసినా బండి ఎక్కట్లేదు, క్లచ్ మాడిన వాసన వస్తోంది, ఇద్దరు తోస్తే ఎక్కింది" అని. నాలుగు గేర్లకీ ఒకటే స్ప్రాకెట్ కదా, టాప్ గేరులో తగ్గిన లాగుడు ఫస్ట్ గేరులోనూ తగ్గుతుంది. దాంతో హాఫ్ క్లచ్‌లో ఎక్కువసేపు లాగించాల్సి వస్తుంది, క్లచ్ ప్లేట్లు కాలతాయి. పెట్రోలులో మిగిలే పది రూపాయల కోసం క్లచ్ ప్లేట్లు పోగొట్టుకోవడం లెక్క కాదు. కాలవగట్టు మీదకి ఎక్కే వాలులు, చెరువుగట్లు, పొలంలోంచి రోడ్డెక్కే చోట్లు, వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. రొయ్యల చెరువులకి మేత బస్తాలు మోసేవాళ్ళు, పాల క్యాన్లు వేసేవాళ్ళు, గడ్డిమోపులు వేసేవాళ్ళు 15 జోలికి వెళ్ళొద్దు.

మరి లోడు వేసేవాళ్ళు ముందు 13 వేసుకోవచ్చు కదా అంటే, వేసుకోవచ్చు, అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యే పని కూడా అదే. కానీ నాకు నచ్చదు. చైన్ అనేది గుండ్రంగా వంగదు, లింకు లింకు దగ్గరా మడతపడుతుంది. స్ప్రాకెట్ ఎంత చిన్నదైతే ఒక్కో లింకు అంత ఎక్కువ మడతపడాలి. మడతపడేచోటే పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ అరుగుతాయి, చైన్ సాగడం అంటే అదే, ఇనుము సాగడం కాదు. పైగా 14 నుంచి 13కి వస్తే అదే ఇంజిన్ బలానికి చైన్ మీద పడే లాగుడు దాదాపు 8 శాతం పెరుగుతుంది, ఎందుకంటే అదే తిప్పుడు చిన్న చక్రం అంచున పడుతోంది. బరువు మోసేవాడికే చైన్ గట్టిగా ఉండాలి, ఆ బరువు మోసేవాడి చైనే ముందు అరిగిపోయే పద్ధతి ఇది. అదే వెనక 42 తీసి 44 వేస్తే 44ని 14తో భాగించండి, 3.14 వస్తుంది, లాగుడు దాదాపు 5 శాతం పెరుగుతుంది, ముందు స్ప్రాకెట్ దగ్గర చైన్ మీద పడే లాగుడు పెరగదు. ఖర్చు కాస్త ఎక్కువే, చక్రం విప్పాలి, కానీ ఇది నిలిచే పని. నాన్న బండికి చివరికి ఇదే వేయించాను. రేవు దగ్గర ఇప్పుడు ఒక్కడే ఎక్కిస్తున్నాడు. అరవై దాటితే ఇంజిన్ గోల పెడుతుంది, నాన్న అరవై దాటడు కాబట్టి మాకు ఇబ్బంది లేదు. మీ ఇంట్లో కుర్రాడు కూడా అదే బండి వేసుకుని హైవే ఎక్కుతాడంటే మాత్రం ఆలోచించుకోండి.

ఒక విషయం చెప్పడం మర్చిపోకూడదు. చైన్ లింకులు ఎప్పుడూ సరిసంఖ్యలోనే ఉంటాయి, లోపలి లింకు ఒకటి బయటి లింకు ఒకటి. ముందు స్ప్రాకెట్ పళ్ళు కూడా సరిసంఖ్య అయితే ఒక పంటికి ఎప్పుడూ లోపలి లింకే తగులుతుంది, పక్క పంటికి ఎప్పుడూ బయటి లింకే. అందుకే బాగా అరిగిన 14 పళ్ళ స్ప్రాకెట్‌లో పళ్ళు ఒకటి విడిచి ఒకటి వేరేగా అరిగి కనిపించొచ్చు. 13కీ 15కీ ఈ బాధ లేదు, అరుగుదల అన్ని పళ్ళకీ పంచుకుంటుంది. ఇది 15కి ఒక చిన్న ప్లస్ పాయింటే కానీ దీని కోసమే మార్చనక్కర్లేదు.

పళ్ళు మారిస్తే చైన్ పొడవు సరిపోతుందా అని అందరూ అడుగుతారు. ముందైనా వెనకైనా ఒక పన్ను పెరిగితే అర లింకు ఎక్కువ చైన్ కావాలి. అంటే వెనక చక్రం 3 మిల్లీమీటర్లకి కాస్త పైగా ముందుకి జరగాలి. రెండు పళ్ళయితే 6కి పైగా. చైన్ కొత్తగా ఉన్నప్పుడు చక్రం ఎలాగూ చైన్ బిగించే అడ్జస్టర్లో ముందుకే ఉంటుంది కాబట్టి అక్కడ చోటుందో లేదో ముందే చూసుకోవాలి. లేకపోతే రెండు లింకులు ఎక్కువున్న చైన్ తీసుకోండి. ఒక్క లింకు కలపడానికి అర లింకు అని ఒకటి అమ్ముతారు, వంకరగా ఉంటుంది, అది చైన్ మొత్తంలో బలహీనమైన చోటు అవుతుంది, వద్దు. చైన్ కవర్‌లో చోటు కూడా చూడండి. 42 నుంచి 44కి వస్తే స్ప్రాకెట్ అంచు చుట్టూ 4 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కవర్ ఎక్కడైనా సొట్టపడి ఉంటే అక్కడ రాసుకుని గరగరమంటుంది. ముందు 15 వేస్తే పెరిగేది 2 మిల్లీమీటర్లే, మామూలుగా సరిపోతుంది.

ఇక చైన్ సైజు. దీని మీదే ఎక్కువ డబ్బు వృథా అవుతోంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. చైన్ మీద ఉండే మూడంకెల్లో మొదటిది పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం, ఎనిమిదో వంతు అంగుళాల లెక్కలో. 4 అంటే అరంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 5 అంటే అంగుళంలో ఎనిమిదిట అయిదు వంతులు, 15.875 మిల్లీమీటర్లు. తర్వాతి రెండంకెలు లోపలి వెడల్పు గురించి చెప్తాయి. 420కీ 428కీ పిన్నుల దూరం ఒకటే, వెడల్పు వేరు, రోలర్ (పళ్ళ మధ్య కూర్చునే గుండ్రటి ముక్క) లావు కూడా వేరు, 420లో దాదాపు 7.8 మిల్లీమీటర్లు, 428లో 8.5. ఇది ముఖ్యం. ఎందుకంటే 428 చైన్ 420 స్ప్రాకెట్ మీద పెడితే ఎక్కినట్టే ఉంటుంది, చక్రం తిప్పితే తిరుగుతుంది కూడా, కానీ రోలర్ పంటి మొదట్లో కూర్చోదు, పక్కలకి ఊగుతుంది. "ఎక్కేసిందండీ, ఏం కాదండీ" అని ఎవరైనా అంటే నమ్మకండి. సైజు మార్చాలంటే ముందు, వెనక, చైన్ మూడూ ఒకే సైజువి ఒకేసారి మారాలి. మీ బండికి ఉన్న సన్న చైన్ సైజులో సరుకు దొరకడం మానేస్తే, ముందూ వెనకా సరిగ్గా కూర్చునే 428 స్ప్రాకెట్లు దొరికితే, అప్పుడు 420 నుంచి 428కి వెళ్ళడంలో అర్థం ఉంది. పిన్నుల దూరం ఒకటే కాబట్టి పళ్ళ లెక్క కూడా అలాగే ఉంచుకోవచ్చు.

428 నుంచి 520కి వెళ్ళడం మాత్రం 100 సీసీ బండికి పనికిరాదు. మా పిన్ని కొడుకు పట్నంలో ఒక షాపులో అదే చేయించాడు, లావు చైన్ కనపడాలని కవర్ కూడా తీయించేశాడు. లెక్క చూడండి. 14 పళ్ళ ముందు స్ప్రాకెట్ 428 సైజులో అడ్డంగా 57 మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ చోటులోనే 520 సైజు స్ప్రాకెట్ పట్టాలంటే పళ్ళు 11కి మించవు. వెనక 42కి బదులు 34. నిష్పత్తి దాదాపు అదే, 3.09, కానీ 11 పళ్ళ మీద చైన్ చుట్టుకునేటప్పుడు అది గుండ్రంగా కాదు, పదకొండు మూలల బొమ్మలా తిరుగుతుంది. ఒక్కో పన్ను ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చైన్ వేగం దాదాపు 4 శాతం పెరిగి తగ్గుతుంది. 14 పళ్ళకి అది రెండున్నర శాతమే. ముప్పైలో వెళ్తుంటే ఫుట్‌రెస్టులో సన్నగా గరగర తెలిసేది, తమ్ముడు అది ఇంజిన్ తప్పనుకుని ట్యాపెట్లు సెట్ చేయించాడు, కార్బురేటర్ విప్పించాడు. రెండు నెలలకి ముందు కవర్ విప్పి చూస్తే ఇంజిన్ కేసు మీద వేలుగోరంత లోతున చైన్ కోసుకుపోయిన గీత కనిపించింది, ఇంకొంచెం అయితే కేసుకి చిల్లు పడి ఆయిల్ కారేది. మళ్ళీ 428కే వచ్చాడు. రెండుసార్లు సెట్ కొన్నాడు, ఆ గీత మాత్రం అలాగే ఉంది.

గట్టి చైన్ కావాలంటే దానికి మార్గం వేరే ఉంది. 428లోనే 428హెచ్ అని వస్తుంది. పిన్నుల దూరం, రోలరు, లోపలి వెడల్పు అన్నీ అవే, పక్క ప్లేట్లు మాత్రం మందం. స్ప్రాకెట్లు మార్చనక్కర్లేదు. బరువు వేసేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, వెనక 44తో పాటు 428హెచ్.

ఓ-రింగ్ చైన్ గురించి కూడా అడుగుతున్నారు. దానిలో పిన్నుకీ బుష్‌కీ మధ్య ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు బయటికి పోకుండా చిన్న రబ్బరు రింగులుంటాయి. మన ఉప్పునీళ్ళ చెరువుగట్ల మీద, అంతర్వేది వైపు ఇసుకలో, కవర్ లేని బండికి అది నిజంగా పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. కానీ ఇది పక్కలకి కాస్త వెడల్పు, ఇంజిన్ కేసుకీ కవర్‌కీ తగులుతుందేమో చూసుకోవాలి. పెట్రోలుతో కడిగితే రింగులు పాడవుతాయి, కిరసనాయిలే వాడాలి, గట్టి ఇనప బ్రష్ పెట్టి రుద్దకూడదు. ఫుల్ చైన్ కవర్ ఉన్న బండికి మామూలు చైన్ చాలు. ఆ కవర్ పీకి పారేయకండి, పాత బండి కొన్నప్పుడు అది లేకపోతే ముందు అది వెతికించి వేయించండి. బురద ఆపడం ఒక్కటే కాదు, వెనక కూర్చున్న అమ్మ చీర కుచ్చెళ్ళూ, పక్కకి కూర్చున్న పిల్లల కాళ్ళూ, మన లుంగీ అంచూ, వీటన్నిటికీ ఆ రేకే అడ్డం. స్టైల్ కోసం తీసేసిన చైన్ కవర్ వల్ల ఎన్ని ప్రమాదాలు జరుగుతాయో ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు.

కవర్ ఉంటే ఒక జాగ్రత్త. లోపల తడి చేరితే ఎండదు, తుప్పు బయటికి కనపడదు. వానాకాలంలో నెలకోసారి కవర్‌కున్న రబ్బరు మూత తీసి చూడండి, ఎర్రటి పొడి కనిపిస్తే అది తుప్పే. ఉప్పునీళ్ళు తగిలిన రోజు ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, చక్రం తిప్పుతూ లోపలి వైపు నుంచి 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేయండి. గ్రీజు పూస్తే పైన పూతలా ఉండి ఇసుకని పట్టుకుంటుంది కానీ రోలర్ లోపలికి వెళ్ళదు. తీసేసిన ఇంజిన్ ఆయిల్‌లో అరిగిన ఇనప పొడి ఉంటుంది, కుర్రాళ్ళు షెడ్డులో అదే కొడతారు, వద్దని చెప్పండి.

పాత బుల్లెట్ ఉన్నవాళ్ళకి రెండు మాటలు. పాత 350 ఇనప ఇంజిన్ బళ్ళలో వెనక 38 పళ్ళ స్ప్రాకెట్, బ్రేక్ డ్రమ్ము ఒకటే ముక్క. చైన్ 530 సైజు. వెనక పళ్ళు మార్చడం అనే మాటే ఉండదు, 520 చైన్ ఆ వెడల్పు పళ్ళ మీదకి ఎక్కనే ఎక్కదు. కాబట్టి మార్చగలిగింది గేరుబాక్సు స్ప్రాకెట్ ఒక్కటే, అది క్లచ్ వెనకాల ఉంటుంది, ప్రైమరీ కవర్ తీసి, క్లచ్ విప్పితే కానీ చెయ్యి వెళ్ళదు. ముందు 16 ఉంటే 17 వేయడం వల్ల ఇంజిన్ చుట్లు 6 శాతం తగ్గుతాయి, ఆ ఇంజిన్‌కి కింద నుంచే లాగుడు ఉంటుంది కాబట్టి మన గాలికీ లోడుకీ తట్టుకుంటుంది. 18 వేస్తే 11 శాతం తగ్గుతుంది, 350కి అది ఎక్కువ. క్లచ్ ప్లేట్లు మార్చాల్సిన రోజు వచ్చేదాకా ఆగి అప్పుడే ఈ పనీ చేయించండి, విప్పే కూలీ ఒక్కసారే అవుతుంది.

ఆర్‌ఎక్స్ 100 (యమహా బండి) వాళ్ళు వేరే. 1996లో తయారీ ఆగిపోయినా ఇప్పటికీ కళ్ళకద్దుకుని చూసుకునేవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. దాని 11 హార్స్ పవర్ వచ్చేది 7500 చుట్ల దగ్గర, కింద తిప్పితే అసలు బండే కాదు. దానికి ముందు పన్ను పెంచితే ప్రతి గేరులోనూ ఆ చోటికి చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ కోసం ఆ బండి ప్రాణం తీయొద్దు. కంపెనీ లెక్కే ఉంచండి.

మీటరు తప్పు చూపిస్తుందేమో అన్న భయం ఒకటి ఉంటుంది. మీటరు కేబుల్ ముందు చక్రం నుంచి వచ్చే బళ్ళలో పళ్ళు మార్చినా మీటరు మారదు. ఇంజిన్ వైపు నుంచి వస్తుంటే మాత్రం మారుతుంది.

చైన్ పోయిందా లేదా అని ముందు చూసుకోండి, ఊరికే మార్చకండి. చైన్‌ని లాగి పట్టి 20 లింకులు స్కేలుతో కొలవండి, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి. 428 కొత్తదైతే 254 మిల్లీమీటర్లు. 257 దగ్గరికి వస్తే కొత్తది చూసుకోవాలి, 259కి వచ్చిందంటే ఆ రోజే మార్చాలి. స్ప్రాకెట్ పళ్ళు కొక్కెంలా ఒక పక్కకి వంగి ఉంటే కొత్త చైన్ ఒక్కటే వేయించకండి, ఆ వంగిన పళ్ళు కొత్త చైన్‌ని కొన్ని నెలల్లోనే తినేస్తాయి. పళ్ళ లెక్క మార్చేదీ మూడూ కొత్తవి వేసే రోజే, మధ్యలో కాదు.

బిగించేటప్పుడు దగ్గరుండండి. చాలా 100 సీసీ బళ్ళలో ముందు స్ప్రాకెట్‌ని పట్టుకునేది రెండు చిన్న 10 నంబరు బోల్టులూ ఒక ప్లేటూ. స్ప్రాకెట్‌ని షాఫ్ట్ గాళ్ళలోకి తోసి, ప్లేటు కూడా ఆ గాళ్ళ మీదుగా లోపలికి పెట్టి, షాఫ్ట్ చుట్టూ అడ్డంగా ఉన్న గాడి దాకా వెళ్ళాక అర పన్ను తిప్పితే అది షాఫ్ట్‌కి అడ్డంగా కూర్చుంటుంది, అప్పుడు బోల్టులు పడతాయి. బిగించాక స్ప్రాకెట్ పక్కలకి వెంట్రుక మందం కదిలితే కంగారు పడొద్దు, అది అలాగే ఉండాలి. పాత ప్లేటు పళ్ళు అరిగి ఉంటే కొత్తది వేయించండి, పాతిక రూపాయల సామాను అది. చైన్ లాక్ క్లిప్‌కి ఒక వైపు మూసి ఉంటుంది, ఒక వైపు చీలి ఉంటుంది. మూసిన వైపు చైన్ నడిచే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే దారిలో దేనికైనా తగిలి ఊడిపోతుంది, చైన్ తెగి చక్రంలో చుట్టుకుంటే హైవే మీద ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చైన్ మరీ బిగించకండి. మధ్యలో వేలితో కిందకీ పైకీ కదిపితే 25 మిల్లీమీటర్ల చోటు ఉండాలి, అదీ చక్రం తిప్పి తిప్పి ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడ చూడాలి. మేత బస్తాలు వేస్తే వెనక షాకులు కిందకి దిగి చైన్ ఇంకా బిగుసుకుంటుంది, అందుకే లోడు వేసేవాళ్ళు ఇంకో 5 ఎక్కువ వదలండి.

షాపుకి వెళ్ళేటప్పుడు కాగితం మీద రాసుకెళ్ళండి: చైన్ సైజు, లింకులు ఎన్ని, ముందు ఎన్ని పళ్ళు, వెనక ఎన్ని పళ్ళు, వెనక స్ప్రాకెట్‌కి బోల్టులు ఎన్ని. వీలైతే పాత వెనక స్ప్రాకెట్‌నే సంచీలో వేసుకెళ్ళి కొత్తదాని మీద బోర్లించి చూడండి, బోల్టు చిల్లులూ మధ్య చిల్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. పెట్టె మీద 44 అని ఉన్నా కౌంటరు దగ్గరే పళ్ళు లెక్కపెట్టండి. నాకు ఒకసారి 44 పెట్టెలో 42 వచ్చింది, ఇంటికొచ్చి చక్రం విప్పాక కానీ చూసుకోలేదు.